పాత గోడకు లోపలి నుంచి ఇన్సులేషన్: ఏ పదార్థం, ఎంత మందం, ఎక్కడ వద్దు

కట్టడం ముందు వైపు చెక్కిన రాయో, సున్నపు పూలపనో, ఏ ఇటుకకు ఆ ఇటుక కనిపించే కట్టుబడో ఉంటే బయట నుంచి ఇన్సులేషన్ బోర్డులు బిగించే మాటే ఉండదు. కట్టడం మొహం మూసుకుపోతుంది. రక్షిత కట్టడమైతే అనుమతి దొరకడం కూడా కష్టమే. ఇక మిగిలింది లోపలి వైపు. గది కాస్త ఇరుకైనా ఫర్వాలేదు, హీటింగ్ ఖర్చో ఏసీ ఖర్చో తగ్గితే చాలనుకుని చాలామంది దిగే పని ఇది.

దిగాక అందరూ చేసేది ఒకటే. పదార్థాల జాబితా ముందేసుకుని, ఏది వేడిని బాగా ఆపుతుందో చూసి, గదిలో పట్టినంత మందం కొనేస్తారు. కొత్త కట్టడానికి అది చెల్లుతుంది. రెండు పొరలూ మధ్యలో ఖాళీ లేకుండా ఒకే మందంగా కట్టిన పాత రాతి, ఇటుక గోడకు చెల్లదు. అలాంటి గోడ వానకు తడుస్తుంది, ఎండకూ గది వేడికీ ఆరుతుంది. వందేళ్లుగా అలాగే నిలబడింది. అందుకే నేనైతే ధర కంటే ముందు అడిగేది ఒక్కటే: ఈ గోడ తడిస్తే ఎటు వైపు ఆరుతుంది, నేను పెట్టబోయేది ఆ దారిని మూసేస్తుందా?

బోర్డు వెనకాల ఏం జరుగుతుంది

లెక్క వేసి చూద్దాం. బయట సున్నా డిగ్రీలు, గదిలో 20 డిగ్రీలు, గాలిలో తేమ 50 శాతం. ఆ గాలి ఏదైనా 9.3 డిగ్రీల కంటే చల్లని చోటును తాకితే అందులోని ఆవిరి నీరుగా మారుతుంది. గోడ యూ-విలువ 2 అనుకుందాం, అంటే చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు 2 వాట్ల వేడి బయటికి పోతోంది. పాత ఇటుక గోడలకు ఇది మరీ వింత అంకేమీ కాదు. ఇన్సులేషన్ లేనప్పుడు ఆ గోడ లోపలి ముఖం దాదాపు 15 డిగ్రీల దగ్గర ఉంటుంది. చేయి పెడితే చల్లగా తగులుతుంది కానీ నీరు పట్టదు.

ఇప్పుడు దాని మీద 60 మిల్లీమీటర్ల చెక్కపీచు బోర్డు అంటించాం. గది వైపు ముఖం 18.7 డిగ్రీలకు పెరిగింది, హాయిగా ఉంది. కానీ బోర్డు వెనకాల ఉన్న పాత గోడ ముఖం 3.7 డిగ్రీలకు పడిపోయింది. నిన్నటిదాకా గది వేడితో ఆరుతున్న ఇటుకకు ఇప్పుడు ఆ వేడి అందడం లేదు. గది గాలి అక్కడిదాకా చేరిందంటే నీరు కట్టడం ఖాయం. బయటి ముఖం కూడా మునుపటి కంటే చల్లగా, తడిగా ఉంటుంది కాబట్టి మంచు కురిసే ప్రాంతాల్లో ఇటుకలో నీరు గడ్డకట్టి పెచ్చులూడే ముప్పు పెరుగుతుంది.

ఇది ఏ పదార్థంతోనూ తప్పదు. తేడా అంతా ఆ చల్లని పొర దగ్గరికి చేరిన తేమను ఏం చేస్తారన్న దాంట్లోనే. ఒక పద్ధతి, రేకులాంటి పొరతో ఆవిరిని అసలు రానివ్వకపోవడం. రెండోది, రానిచ్చి, పీల్చుకుని, మళ్లీ గది వైపే ఆరనివ్వడం. బజారులో ఎన్ని పేర్లున్నా చివరికి ఈ రెండు వర్గాలే.

మందం దగ్గర ఆశ వద్దు

పది చదరపు మీటర్ల గోడ, 20 డిగ్రీల తేడా. ఏమీ పెట్టకపోతే 400 వాట్లు పోతాయి. చెక్కపీచు బోర్డు 20 మిల్లీమీటర్లు పెడితే 200 వాట్లు. 40 పెడితే 133, 60 పెడితే 100, 80 పెడితే 80, 100 పెడితే 67. మొదటి 20 మిల్లీమీటర్లు 200 వాట్లు మిగిల్చాయి, చివరి 20 మిగిల్చింది 13 మాత్రమే. పైగా కాగితం మీద కనిపించే ఆ 13 వాట్లు కూడా అడ్డగోడల గుండా, అంతస్తుల నేల గుండా పక్కదారిలో కొంత జారిపోతాయి. వెనకాల గోడ మాత్రం ఇంకో అర డిగ్రీ చల్లబడుతుంది. ముప్పు పెరుగుతూ పోతుంటే లాభం తరుగుతూ పోతుంది. అందుకని 40 నుంచి 60 మిల్లీమీటర్ల దగ్గర ఆగడమే మంచిదని నా అభిప్రాయం. కొత్త ఇళ్లకు రాసిన నిబంధనల అంకెను పాత గోడతో అందుకోవాలని పట్టుబట్టే కాంట్రాక్టర్ దొరికితే ఈ లెక్క ముందు పెట్టండి.

ఇంకో మాట. పాత గోడలు లెక్కల్లో కనిపించేంత చెడ్డవి కావు. 1877లో విలియం మోరిస్ మొదలుపెట్టిన, పాత కట్టడాల రక్షణకు పనిచేసే బ్రిటన్ సంస్థ ఎస్‌పీఏబీ పాత ఇళ్ల గోడలకు సెన్సర్లు పెట్టి కొలిపిస్తే, చాలా గోడల్లో వేడి నష్టం లెక్కగట్టిన దానికంటే తక్కువే తేలింది. మీ గోడ అసలు విలువ 2 కాకుండా 1.4 అయితే, వస్తుందనుకున్న ఆదా కూడా ఆ మేరకు తగ్గుతుంది. వీలైతే చలికాలంలో రెండు వారాలు కొలిపించి, ఆ తర్వాతే డబ్బు లెక్క వేసుకోవడం మేలు.

గోడ కంటే ముందు వరసలో ఉన్నవి

పైకప్పు కింద అటక ఖాళీగా ఉంటే మొదటి డబ్బు అక్కడే పెట్టాలి. పని సులువు, చరిత్ర చెడదు, నచ్చకపోతే తీసేయొచ్చు. తర్వాత తలుపుల సందులు, కిటికీలు. గ్లాస్గో కాలెడోనియన్ యూనివర్సిటీ వాళ్లు పాత సాష్ కిటికీ (పైకీ కిందికీ జరిపే కిటికీ) మీద చేసిన కొలతల్లో, లోపలి వైపు అదనంగా ఇంకో అద్దం చట్రం బిగిస్తే అద్దం గుండా పోయే వేడి 63 శాతం తగ్గింది. ఉన్న చెక్క రెక్కలు రాత్రిళ్లు మూసుకుంటేనే 51 శాతం. రెక్కలకు పట్టిన రంగు గీకి, బందులకు నూనె వేయడానికి మామూలుగా ఎవరి అనుమతీ అక్కర్లేదు.

గోడ విషయానికొస్తే, చూరు నీళ్ల గొట్టాలు కారుతుంటే, ఇటుకల మధ్య దర్జులు రాలిపోయి ఉంటే, ముందు అవి బాగుచేసి గోడను ఆరనివ్వాలి. దర్జులకు సిమెంటు కాదు, సున్నం వాడాలి. సిమెంటు దర్జు గట్టిగా నిలబడి, నీటిని మెత్తని ఇటుకలోకి తోస్తుంది. ఆరడానికి మందం 25 మిల్లీమీటర్లకు ఒక నెల అని పాత మోటు లెక్క ఒకటి ఉంది. అంటే అర మీటరు గోడ బాగా తడిసిపోయి ఉంటే ఏడాదిన్నర పైనే. తొందరపడి తడి గోడ మీద బోర్డు వేస్తే మిగతా జాగ్రత్తలన్నీ వృథా.

వాన గోడలోకి ఎంత దిగుతోందో తెలుసుకోవడానికి కార్‌స్టెన్ గొట్టం అని ఒక చిన్న సాధనం ఉంది. చూడ్డానికి పొగ పీల్చే చుట్టపైపులా ఉంటుంది. దాని వెడల్పు మూతిని జిగురు ముద్దతో బయటి ఇటుకకు అంటించి, నిలువు గొట్టంలో నీళ్లు పోసి, గీతలు చూస్తూ కూర్చోవాలి. పావుగంట గడిచినా మట్టం కాస్తే దిగితే ఆ ఇటుక గట్టిది. మళ్లీ నింపే లోపే గొట్టం ఖాళీ అయిపోతుంటే, వాన కొట్టే వైపు గోడకు లోపల ఇన్సులేషన్ గురించి ఆలోచించకముందు బయట సున్నపు పూత గురించి మాట్లాడాలి. ఒక ఇటుక మీద, ఒక దర్జు మీద, ఇంకో మూల కూడా పరీక్షించండి. ఒకే గోడలో మూడు తీర్లు కనిపించడం మామూలే.

పదార్థాలు: ఒక్కోటీ ఎలా ఉంటుంది

*కాల్షియం సిలికేట్ బోర్డు.* సున్నం, ఇసుక జాతి పదార్థాలను ఆవిరితో ఉడికించి చేసే తెల్లటి, సుద్దలాంటి పలక. పరిమాణంలో 90 శాతం దాకా సూక్ష్మ రంధ్రాలే. నీటి చుక్క వేస్తే కళ్లముందే ఇంకిపోయి వెడల్పుగా పాకుతుంది. ఆ పాకే గుణమే దాని బలం: వెనకాల చేరిన తేమను గది వైపు లాక్కొచ్చి గాలికి వదిలేస్తుంది. క్షార గుణం ఎక్కువ కాబట్టి బూజుకు గిట్టదు, నిప్పు అంటుకోదు. బలహీనత వేడి ఆపడంలో ఉంది. వాహకత, అంటే వేడిని ఎంత సులువుగా పోనిస్తుందో చెప్పే అంకె (తక్కువైతే మేలు), 0.06 నుంచి 0.07 దాకా. పైన చెప్పిన గోడకు 60 మిల్లీమీటర్లు వేస్తే యూ-విలువ 0.7 దగ్గర ఆగుతుంది, అంటే నష్టంలో 65 శాతం తగ్గుతుంది. బూజు బెడద ఉన్న గదికి నా మొదటి ఓటు దీనికే. ఒక్క షరతు, దీని మీద ప్లాస్టిక్ ఎమల్షన్ కొట్టకూడదు. సున్నమో, సిలికేట్ రంగో వేయాలి. ఖరీదైన బోర్డు కొని, చివర్లో పెయింటర్ తెచ్చిన కడిగితే పోయే రంగుతో దాని రంధ్రాలన్నీ మూసేసుకోవడం చాలా చోట్ల జరిగే పొరపాటు. గోడలో ఉప్పు బాగా తేలుతుంటే కూడా ఆగాలి, ఆ ఉప్పు రంధ్రాల్లో గడ్డకట్టి పీల్చే గుణాన్నే చంపేస్తుంది.

*చెక్కపీచు బోర్డు.* వాహకత 0.04 దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి అదే మందానికి కాల్షియం సిలికేట్ కంటే బాగా ఆపుతుంది. 60 మిల్లీమీటర్లతో యూ-విలువ 0.5. ఆవిరిని రానిస్తుంది, కొంత తేమను పీచులోనే దాచుకుని మెల్లగా వదులుతుంది. రంపంతో కోసుకోవచ్చు, మీద సున్నపు గార పడుతుంది. కానీ చివరికి ఇది చెక్క. నెలల తరబడి తడిగా ఉంటే పుచ్చుతుంది. వాన నేరుగా కొట్టే గోడకు, కింద నుంచి నెమ్ము ఎక్కే గోడకు ఇది వద్దు. పొడి గోడకు, మంచి చూరు ఉన్న ఇంటికి మాత్రం ధరకూ పనికీ మధ్య ఇంత కుదురైన ఎంపిక నాకు ఇంకోటి కనిపించదు.

ఈ రెండింటికీ వర్తించే ఒక నియమం ఉంది. బోర్డు వెనకాల గాలి ఆడే సందు అస్సలు ఉండకూడదు. పాత వాల్‌పేపర్, జిప్సం, ఆయిల్ పెయింట్ గీకేసి, గోడను సున్నపు గారతో సమం చేసి, బోర్డు వెనక మొత్తం జిగురు పూసి నొక్కాలి. నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి అంటించే పద్ధతి జిప్సం బోర్డుకు సరిపోతుందేమో గానీ ఇక్కడ కొంప ముంచుతుంది. ఆ ముద్దల మధ్య గది గాలి తిరిగి, చల్లని గోడ మీద నీరై కూర్చుంటుంది.

*సున్నపు ఇన్సులేషన్ గారలు.* బెండు పలుకులు, పెర్లైట్, హెంప్ మొక్క కాడల ముక్కలు కలిపిన సున్నం. రాతి గోడ ఎగుడుదిగుడుగా, మూలలు వంకరగా ఉన్న చోట బోర్డు కూర్చోదు, గార కూర్చుంటుంది. బెండు కలిపిన సున్నం 0.07 వాహకతతో 40 మిల్లీమీటర్లు పూస్తే యూ-విలువ 0.93. పెద్ద అంకె కాదు, కానీ నష్టం సగానికి పైగా తగ్గింది, గోడ వంపు వంపుగానే మిగిలింది. గదిలో పాత గార ఎలా ఉండేదో అలాగే కనిపించాలంటే దారి ఇదే. ఆరడానికి వారాలు పడుతుంది, ఓపిక ఉండాలి.

*చెక్క చట్రం, మధ్యలో ఊలు, మీద పొర.* రాతి ఊలో, కాగితపు పీచో నింపి, గది వైపు ఆవిరిని ఆపే పొర పరిచి, మీద బోర్డు కొట్టే పద్ధతి. చవక, వడ్రంగికి తెలిసిన పని. దాని ప్రాణమంతా ఆ పొర అతుకుల్లో ఉంది. ఒక స్విచ్ బాక్స్ కోసం కోసిన రంధ్రం, పటం తగిలించడానికి కొట్టిన మేకు, దూలం చుట్టూ సరిగా అంటని టేపు చాలు, అక్కడి నుంచి గాలితో పాటు వెళ్లే తేమ, పదార్థం గుండా మెల్లగా పాకే తేమ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మామూలు ప్లాస్టిక్ షీటు బదులు, తేమను బట్టి తెరుచుకుని మూసుకునే పాలిమైడ్ పొర వాడితే ఎండాకాలంలో గోడ లోపలికి ఆరే దారి కొంతైనా మిగులుతుంది. పని చేసేవాళ్ల మీద నమ్మకం లేకపోతే ఈ పద్ధతి జోలికి పోకండి.

*పీఐఆర్, ఫినాలిక్ నురుగు బోర్డులు.* 0.022, అంతకంటే తక్కువ కూడా. 60 మిల్లీమీటర్ల పీఐఆర్‌తో యూ-విలువ 0.31. అంకెల్లో గెలిచేది ఇదే, దుకాణంలో ముందు చూపించేదీ ఇదే. అల్యూమినియం రేకు అంటించిన ఈ బోర్డు గోడ లోపలికి ఆరే దారిని పూర్తిగా మూసేస్తుంది. బయటి నుంచి వాన తడి ఏమాత్రం రాని గోడ అయితే, అతుకులన్నీ పక్కాగా టేపు వేస్తే పనిచేస్తుంది. పాత కట్టడాల్లో ఆ రెండూ ఒకేచోట కుదరడం అరుదు.

*ఏరోజెల్.* 1931లో శామ్యూల్ కిస్‌లర్ మొదట తయారుచేసిన, దాదాపు అంతా గాలే ఉన్న పదార్థం. ఇప్పుడు పీచుతో కలిపి దుప్పటిలా అమ్ముతారు. 0.016 వాహకతతో 20 మిల్లీమీటర్లు చాలు, యూ-విలువ 0.57కి వస్తుంది. ఆవిరినీ రానిస్తుంది. ధర మాత్రం మిగతా వాటికి అందనంత ఎత్తులో ఉంటుంది, కోసేటప్పుడు లేచే తెల్లటి ధూళి చర్మాన్ని ఎండబెడుతుంది. గోడ మొత్తానికి కాకుండా, చోటు లేని దగ్గర 10 మిల్లీమీటర్ల పట్టీలుగా వాడితే దాని విలువ తెలుస్తుంది.

ఇక "ఇన్సులేషన్ పెయింట్లు". ఒక మిల్లీమీటరు పూతను ఏకంగా ఏరోజెల్‌తోనే చేశారనుకున్నా, పైన చెప్పిన గోడ యూ-విలువ 2 నుంచి 1.78కి వస్తుంది. డబ్బా మీద రాసింది నమ్మే ముందు ఈ అంకె గుర్తు చేసుకోండి.

ఏసీ గదులకు లెక్క తిరగబడుతుంది

వేడి, ఉక్కపోత ఉన్న చోట తేమ ప్రయాణం బయటి నుంచి లోపలికి. బయట 32 డిగ్రీలు, తేమ 75 శాతం ఉంటే ఆ గాలి 27 డిగ్రీల దగ్గరే నీరు కడుతుంది. గది 24లో ఉంటే, గది వైపు పరిచిన రేకు వెనక ముఖం ఆ 27 కంటే చల్లగా ఉంటుంది. నీరు రేకు వెనకాలే కడుతుంది. చల్లని దేశాల సలహా చదివి లోపలి వైపు పొర వేస్తే జరిగేది ఇదే. వినైల్ వాల్‌పేపర్ కూడా అదే పని చేస్తుంది, అంచు లేపి చూస్తే వెనకాల నల్లటి మచ్చలు. ఇలాంటి చోట రెండు వైపులా ఊపిరాడే పదార్థమే వాడాలి.

అసలు అక్కడ గోడకు ఇన్సులేషన్ అవసరమా అని కూడా అడగాలి. మందపు గోడ పగటి వేడిని మింగి, గదిలోకి గంటల తర్వాత వదులుతుంది. లోపల బోర్డు వేస్తే ఆ గోడకూ గదికీ సంబంధం తెగిపోతుంది. ఏసీ లేకుండా రాత్రి కిటికీలు తెరుచుకుని బతికే ఇంటికి ఇది నష్టమే. రోజుకు రెండు మూడు గంటలు మాత్రమే ఏసీ వేసే గదికైతే, మొత్తం గోడను చల్లబరచే పని తప్పుతుంది కాబట్టి లాభం. పైకప్పు సంగతి మాత్రం రెండు సందర్భాల్లోనూ ముందే చూసుకోవాలి.

దూలాల కొసలు, కిటికీ పక్కలు

బోర్డు ఏదైనా, ఇల్లు చెడేది ఎక్కువగా అంచుల దగ్గరే. గోడలో దూర్చిన చెక్క దూలం కొసలు ఇన్సులేషన్ తర్వాత చల్లని, తడి ఇటుకలో మిగిలిపోతాయి. పని మొదలుపెట్టే ముందు నేల పలకలు నాలుగు లేపి, దూలం గోడలోకి దూరే చోట సన్నని స్క్రూడ్రైవర్ మొన గుచ్చి చూడండి. గట్టి చెక్క మొనను నిలబెడుతుంది. మెత్తగా దిగిపోయి, బయటికి లాగితే గోధుమరంగు పొడి రాలితే ఆ కొస అప్పటికే పోయింది. తేమ మీటరు 20 శాతం పైన చూపిస్తే కారణం తేలేదాకా బోర్డులు కొనకండి. పొడిగా ఉంటే, కొస చుట్టూ ఉన్న సందుల్లోంచి గది గాలి దూరకుండా టేపుతో మూయాలి. నేల పలకల కిందా, సీలింగ్ పైనా ఉండే ఆ పట్టీ గోడను మాత్రం ఇన్సులేషన్ లేకుండా వదిలేసేవాళ్లూ ఉన్నారు. కొంత వేడి పోయినా కొస వెచ్చగా, పొడిగా ఉంటుందని వాళ్ల వాదన, నాకూ అది సబబే అనిపిస్తుంది.

కిటికీ పక్కన గోడ మందం కనిపించే చోట పది, ఇరవై మిల్లీమీటర్లయినా వేయాలి. గోడంతా వేసి అక్కడ వదిలేస్తే, మిగతా గది వెచ్చబడి అక్కడొక్కచోటే బూజు పడుతుంది. ఏరోజెల్ పట్టీలు పనికొచ్చేది ఇక్కడే. అడ్డగోడ బయటి గోడను కలిసే మూలలో, అర మీటరు దాకా అంచు పలచబడే బోర్డు వేస్తే మూల చల్లబడదు.

ఏ గదికి ఏది

గోడ మీద పాత చిత్రాలు, చెక్క పలకల పని, సీలింగ్ అంచున సున్నపు పూలు ఉంటే ఏదీ వేయకండి. అటక, కిటికీలు, తలుపుల సందులతో సరిపెట్టుకోండి. పొడి గోడ, సాదా గార, బయట మంచి చూరు ఉంటే 60 మిల్లీమీటర్ల చెక్కపీచు. బూజు చరిత్ర ఉన్న గది, స్నానాల గది, ఉత్తరపు మూల అయితే కాల్షియం సిలికేట్. వంకర రాతి గోడకు సున్నపు గార. వాన బలంగా కొట్టే గోడకు బయట మరమ్మతు అయి, ఒక వానాకాలం గడిచేదాకా ఏమీ వద్దు. గోడ లోపల నీరు చేరకుండా బయట సైలేన్ లాంటి, నీటిని తోసే ద్రవం కొట్టమని సలహా వస్తే జాగ్రత్త. అది వెనక్కి తీయలేని పని, పగుళ్లలోంచి దిగిన నీరు మళ్లీ బయటికి రావడం కష్టమవుతుంది.

డిజైనర్ లెక్క చూపిస్తే ఏ పద్ధతిలో వేశారో అడగండి. గ్లేజర్ పద్ధతి ఆవిరి పాకడాన్ని మాత్రమే చూస్తుంది, వాననూ, ఇటుక నీటిని పీల్చడాన్నీ లెక్కలోకి తీసుకోదు. పాత గోడకు యూరప్ ప్రమాణం ఈఎన్ 15026 ప్రకారం గంటగంటకూ వాతావరణాన్ని కలిపి చేసే సిమ్యులేషన్ కావాలి. జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ సంస్థ తయారుచేసిన వూఫీ సాఫ్ట్‌వేర్ ఆ పనికే. మొత్తం కట్టడానికి ఏ చర్య సరిపోతుందో తేల్చుకునే వరస కోసం 2017లో వచ్చిన ఈఎన్ 16883 ప్రమాణం ఉంది.

ఇల్లంతా ఒకేసారి చేయకుండా, చల్లగా ఉండే ఒక గదితో మొదలుపెట్టండి. బోర్డు అంటించేటప్పుడే వెనకాల చిన్న తేమ సెన్సర్ ఒకటి పెట్టి, తీగ బయటికి తీయండి. మొదటి కొన్ని నెలలు జిగురులో, గారలో ఉన్న నీటి వల్ల అంకె ఎక్కువే చూపిస్తుంది, టెన్షన్ పడక్కర్లేదు. చూడాల్సింది రెండో చలికాలం. అప్పటికి తగ్గుముఖం పట్టి ఉంటే పక్క గదికి బోర్డులు తెప్పించండి. అప్పుడు కూడా గాలి తేమ వారాల తరబడి 95 శాతం దగ్గరే నిలబడితే ఒక బోర్డు ఊడదీసి, వెనకాల ఏముందో చూడండి.